టెర్రర్ బర్డ్స్: ఎగరలేని ప్రాచీన వేటపక్షులపై తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ అమెరికాలో కోట్ల ఏళ్ల పాటు నేల మీద నడుస్తూ, పరుగెడుతూ వేటాడిన పక్షుల కుటుంబం ఫోరస్‌రాకిడే. వీటికే టెర్రర్ బర్డ్స్ అని పేరు. బడిపిల్లలు, టీచర్లు, బొమ్మలు గీసేవాళ్లు, వీడియోలు చూసి ఆసక్తి పుట్టినవాళ్లు వీటి గురించి పదే పదే అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. ఎముకలో కనిపించింది ఏది, ఎముకను బట్టి ఊహించింది ఏది అన్న తేడా చెరిగిపోవడం వల్లే ఈ పక్షుల మీద ఇన్ని అపోహలు. అందుకే ఆ రెంటినీ వీలైనంత వరకూ విడదీసి చెప్పాం.

## మొదట వచ్చే సందేహాలు

టెర్రర్ బర్డ్ అంటే ఒకే పక్షా? చాలా రకాలు ఉన్నాయా?

చాలా రకాలు ఉన్నాయి. చిన్నవాటిలో సైలోప్టెరస్ బరువు 5 కిలోలకు అటూ ఇటూ, ఎత్తు మనిషి నడుము దాటదు. పెద్దవాటిలో కెలెంకెన్ తల ఒక్కటే 70 సెంటీమీటర్లు దాటింది. 2003లో అల్వరెంగా, హోఫ్లింగ్ అనే ఇద్దరు బ్రెజిల్ శాస్త్రవేత్తలు అప్పటి వరకూ దొరికిన ఎముకలన్నీ పోల్చి చూసి ఈ కుటుంబాన్ని ఐదు ఉపకుటుంబాలుగా విభజించారు. ఆ పట్టికలో తర్వాత మార్పులు జరిగాయి. ముఖ్యంగా 350 నుంచి 400 కిలోలు తూగిందని చెప్పే బ్రోంటోర్నిస్ అసలు ఈ కుటుంబంలోదేనా, లేక బాతుల వైపు వంశానిదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కాబట్టి "టెర్రర్ బర్డ్ బరువు ఇంత" అని రాసిన చోట ఏ జాతి గురించి రాశారో ముందు చూసుకోవాలి.

ఇవి ఎప్పుడు బతికాయి? డైనోసార్లను వేటాడేవా?

లేదు. పెద్ద డైనోసార్లు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం పోయాయి. ఈ కుటుంబంలో బాగా పాతదని చెప్పే పాలియోసైలోప్టెరస్ బ్రెజిల్‌లోని ఇటబొరాయి దగ్గర దొరికింది. దాని వయసు 5 కోట్ల ఏళ్ల పైమాటే. అంటే డైనోసార్లు పోయి కోటి ఏళ్లకు పైగా గడిచాకే ఇవి మనకు కనిపిస్తాయి. ఉత్తర అమెరికాలోని టైటానిస్ సుమారు 18 నుంచి 20 లక్షల ఏళ్ల క్రితం వరకూ ఉంది. ఈ రెంటి మధ్య కాలం దాదాపు 5 కోట్ల ఏళ్లు. వేటాడే జంతువుల కుటుంబాల్లో ఇంతకాలం నిలిచినవి తక్కువ. మాకు ఈ పక్షుల్లో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది వాటి ఎత్తు కాదు, ఈ మన్నికే.

మనుషులు వీటిని చూశారా?

పెద్ద టెర్రర్ బర్డ్స్‌ను చూసే అవకాశం లేదు. మనుషులు అమెరికా ఖండాల్లో అడుగుపెట్టేసరికి టైటానిస్ పోయి పది లక్షల ఏళ్లు దాటింది. అయినా ఈ అపోహ పుట్టడానికి ఒక కారణం ఉంది. టైటానిస్ ఎముకలు ఫ్లోరిడాలోని శాంటా ఫే నది అడుగున దొరికాయి. నది అడుగున వేర్వేరు పొరలు కోసుకుపోయి, 20 లక్షల ఏళ్ల నాటి ఎముకా 15 వేల ఏళ్ల నాటి ఎముకా ఒకే గుంటలో చేరతాయి. దాంతో పక్కన దొరికిన ఎముకల వయసే దీనికీ ఉంటుందని కొంతకాలం అనుకున్నారు. 2007లో ఎముకలు భూమిలోంచి పీల్చుకున్న అరుదైన మూలకాల పాళ్లు కొలిచారు. ఒకే కాలంలో ఒకే చోట పూడిన ఎముకల్లో ఈ పాళ్లు ఒకేలా ఉంటాయి. టైటానిస్ ఎముకల పాళ్లు పాత జంతువుల ఎముకలతో కలిశాయి, కొత్తవాటితో కలవలేదు.

ఉరుగ్వేలో ఒక చిన్న టెర్రర్ బర్డ్ దాదాపు 96 వేల ఏళ్ల క్రితం వరకూ ఉందని 2018లో ఒక ప్రకటన వచ్చింది. అది నిజమే అనుకున్నా, మనుషులు అక్కడికి రావడానికి చాలా ముందే.

ఇవి ఉష్ట్రపక్షికి చుట్టాలా?

దగ్గరి చుట్టాలు కావు. ఉష్ట్రపక్షి, ఈము, రియా వేరే కొమ్మ. టెర్రర్ బర్డ్స్‌కు ఇప్పుడు బతికున్నవాటిలో దగ్గరి బంధువులు దక్షిణ అమెరికా గడ్డిభూముల్లో ఉండే సీరియమాలు. రెండే జాతులు మిగిలాయి, ఎర్రకాళ్లదీ నల్లకాళ్లదీ. కాస్త దూరం వెళితే ఇదే పెద్ద కొమ్మ మీద ఫాల్కన్ డేగలు, చిలుకలు, పాటపిట్టలు కనిపిస్తాయి. మనం నేల మీద నడిచే పెద్ద పక్షులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. కానీ ఎగరడం మానేయడం పక్షుల చరిత్రలో వేర్వేరు వంశాల్లో చాలాసార్లు విడివిడిగా జరిగింది.

ఎక్కడెక్కడ దొరికాయి? మన దేశంలో కూడా ఉండేవా?

ఎక్కువగా అర్జెంటీనాలో, అందులోనూ పటగోనియాలో. ఆ తర్వాత ఉరుగ్వే, బ్రెజిల్, కొలంబియా. ఉత్తర అమెరికాలో టైటానిస్ ఒక్కటే. అంటార్కిటికా తీరంలోని సీమోర్ దీవిలో దొరికిన రెండు గోటి ఎముకలు దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి పెద్ద వేటపక్షివని 2024లో ప్రకటించారు. ఫ్రాన్స్, అల్జీరియాల్లో దొరికిన కొన్ని ఎముకలను కూడా ఈ కుటుంబంలో చేర్చినవాళ్లున్నారు, కానీ అందరూ ఒప్పుకోలేదు.

భారతదేశంలో టెర్రర్ బర్డ్ శిలాజం ఒక్కటీ దొరకలేదు. ఈ పక్షులు దక్షిణ అమెరికాలో పెరిగే సమయానికి మన భూభాగం ఆ ఖండంతో ఎప్పుడో తెగదెంపులు చేసుకుని విడిగా ఉత్తరానికి జరుగుతోంది. మన దగ్గర ఒకప్పుడు ఉన్న పెద్ద ఎగరలేని పక్షి ఉష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం జిల్లాలో దాదాపు 41 వేల ఏళ్ల నాటి ఉష్ట్రపక్షి గూడు, సుమారు 3,500 గుడ్డు పెంకు ముక్కలతో బయటపడినట్టు 2024లో ప్రకటించారు. అది ప్రధానంగా మేత మేసే పక్షి. దాన్ని టెర్రర్ బర్డ్‌తో ముడిపెట్టి షేర్ అవుతున్న పోస్టులు తప్పు.

గాస్టోర్నిస్, డ్రోమోర్నిస్, ఏనుగు పక్షి కూడా టెర్రర్ బర్డ్సేనా?

కావు. గాస్టోర్నిస్ యూరప్, ఉత్తర అమెరికా, ఆసియాల్లో బతికింది. పాత పుస్తకాల్లో డయాట్రిమా అనే పేరుతో చిన్న గుర్రాలను పట్టి తింటున్నట్టు దాని బొమ్మ వేసేవారు. దాని ముక్కుకు కొక్కెం లేదు. ఎముకల్లోని కాల్షియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలిస్తే శాకాహారుల లెక్కే వచ్చింది. ఆస్ట్రేలియాలోని డ్రోమోర్నిస్ బాతుల వైపు వంశానిది. మడగాస్కర్ ఏనుగు పక్షి, న్యూజిలాండ్ మోవా శాకాహారులు. పెద్ద ముక్కు ఉన్నంత మాత్రాన మాంసాహారి అయిపోదు. మొన కిందికి వంగి ఉందా, పుర్రె ఎటువైపు బలాన్ని తట్టుకుంటుంది, గోళ్లు ఎలా ఉన్నాయి, ఈ మూడూ కలిపి చూడాలి.

## శరీరం

అన్నిటికన్నా పెద్దది ఏది?

తల లెక్కన చూస్తే కెలెంకెన్. అర్జెంటీనాలోని రియో నీగ్రో రాష్ట్రంలో కొమాయో అనే ఊరి దగ్గర ఒక హైస్కూలు విద్యార్థికి దొరికింది. 2007లో దానికి పేరు పెట్టారు. పుర్రె పొడవు 71.6 సెంటీమీటర్లు, వయసు సుమారు 1 కోటి 50 లక్షల ఏళ్లు. ఇప్పటి వరకూ తెలిసిన పక్షి పుర్రెల్లో ఇదే పెద్దది. పుర్రెతో పాటు దొరికిన పాదపు పొడవాటి ఎముక దాదాపు 44 సెంటీమీటర్లు.

కెలెంకెన్ ముఖ్యమైనది పరిమాణం వల్ల మాత్రమే కాదు. అంతకు ముందు పెద్ద జాతుల పూర్తి పుర్రె లేకపోవడంతో చిన్న జాతుల పుర్రెను పెంచి బొమ్మ వేసేవారు. ఇది దొరికాక ఆ పద్ధతి సరికాదని తేలింది. పెద్ద జాతుల తల పొడవుగా, పైన చదునుగా ఉంది. చిన్నవాటిలా గుండ్రంగా లేదు.

కొలంబియాలోని టటకోవా ఎడారిలో దొరికిన ఒక కాలి ఎముక ముక్క, తెలిసిన టెర్రర్ బర్డ్స్ కన్నా 5 నుంచి 20 శాతం పెద్ద పక్షిదని 2024లో అంచనా వేశారు. దొరికింది ఎముక చివరి భాగం మాత్రమే కాబట్టి "అన్నిటికన్నా పెద్దది" అన్న పట్టం దానికి ఇప్పుడే కట్టకూడదు.

ఎత్తు 3 మీటర్లు అంటారు. నిజమేనా?

కెలెంకెన్ లాంటి బాగా పెద్ద జాతులకు మెడ పూర్తిగా ఎత్తినప్పుడు ఆ దరిదాపుల్లో ఉండి ఉండవచ్చు. మిగతావాటికి కాదు. టైటానిస్ 1.4 నుంచి 2 మీటర్లు, బరువు దాదాపు 150 కిలోలు. ఆండల్‌గలోర్నిస్ 1.4 మీటర్లు, 40 కిలోలు. యాయావిస్ 1.2 మీటర్లు, 18 కిలోలు. ఎత్తు అంకెలో తేడాలు రావడానికి ప్రధాన కారణం మెడ. నడిచేటప్పుడు పక్షి మెడ ఎస్ ఆకారంలో మడిచి ఉంచుతుంది. వీపు ఎత్తు చెప్పారా, ఎత్తిన తల ఎత్తు చెప్పారా అన్నది చూడకుండా రెండు జాతులను పోల్చకూడదు.

చచ్చి లక్షల ఏళ్లయిన పక్షి బరువు ఎలా లెక్కకడతారు?

కాలి ఎముక చుట్టుకొలతతో. తొడ ఎముక, దాని కింది టిబియోటార్సస్ రెండూ శరీరం బరువంతా మోస్తాయి. ఆ ఎముక నడిభాగంలో అతి సన్నని చోట చుట్టుకొలత తీసుకుంటారు. బతికున్న వందలాది పక్షుల చుట్టుకొలతకూ బరువుకూ ఉన్న సంబంధం నుంచి ఒక సమీకరణం ముందే సిద్ధంగా ఉంటుంది. కొలతను అందులో వేస్తే బరువు వస్తుంది.

తప్పులు మూడు చోట్ల దొర్లుతాయి. పక్షి ఎముక బోలుగా, పలుచటి గోడతో ఉంటుంది కాబట్టి మట్టి బరువుకు నొక్కుకుపోతే చుట్టుకొలత మారిపోతుంది. తొడ ఎముక లేకుండా టిబియోటార్సస్ ఒక్కటే దొరికితే అంకె ఒక వైపు లాగుతుంది. ఇక, సమీకరణం తయారుచేసిన పక్షుల కన్నా ఇది ఎన్నో రెట్లు పెద్దదైతే గీతను కొలతలు లేని చోటికి పొడిగించినట్టే. అందుకే మంచి పరిశోధనా పత్రంలో ఒక అంకె కాకుండా "ఇంత నుంచి ఇంత" అని ఉంటుంది.

ఎగరలేదని ఎలా చెప్పగలుగుతున్నారు?

రెక్క ఎముకలు శరీరంతో పోలిస్తే చాలా చిన్నవి. ఎగిరే పక్షికి రొమ్ము ఎముక మీద ఎత్తైన గట్టు ఉంటుంది. రెక్క ఆడించే పెద్ద కండరాలు దాన్నే పట్టుకుని ఉంటాయి. ఇక్కడ ఆ గట్టు బాగా తగ్గిపోయింది. అతి చిన్నదైన సైలోప్టెరస్ కాస్త గాల్లోకి లేవగలిగేదేమో అన్న ఆలోచన కొందరికి ఉంది. పెద్ద జాతుల విషయంలో మాత్రం సందేహమే లేదు.

రెక్కల చివర చేతులు, గోళ్లు ఉండేవని చూశాం. నిజమా?

1990ల్లో టైటానిస్ రెక్క ఎముకలోని ఒక కీలును చూసి, రెక్క చివర వేళ్లతో పట్టుకునే చెయ్యి ఉండేదని ప్రతిపాదించారు. చాలా బొమ్మల్లోకి, టీవీ కార్యక్రమాల్లోకి అది పాకింది. 2005లో అదే ఎముకను మళ్లీ పరిశీలించి, అలాంటి కీలు సీరియమాల్లోనూ ఉందని, దాన్ని బట్టి చెయ్యి ఉందనలేమని చూపించారు. ఇప్పుడు ఎవరైనా చేతుల టైటానిస్‌ను గీస్తే అది పాత ఆలోచన ప్రకారం గీసిన బొమ్మ.

ఈ పక్షులకు ఎలా వినిపించేది, ఎలా అరిచేవి?

ఈ విషయంలో మనకు అదృష్టం కలిసొచ్చింది. 2010లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటా సముద్రతీరంలో యాయావిస్ అనే పక్షి ఎముకలు 90 శాతానికి పైగా దొరికాయి, శాస్త్రీయ వివరణ 2015లో వచ్చింది. లోపలి చెవి గదులు కూడా చెదరకుండా ఉన్నాయి. సీటీ స్కాన్‌లో ఆ గదుల పొడవు కొలిస్తే, దానికి బాగా వినిపించే ధ్వని సగటున 2,300 హెర్ట్జ్ చుట్టుపక్కల అని తేలింది. ఇది చాలా పక్షుల కన్నా తక్కువ స్థాయి. దీన్ని బట్టి గొంతు కూడా మందంగా ఉండి ఉండవచ్చని పరిశోధకులు అన్నారు. వినికిడి లెక్క ఎముక నుంచి వచ్చింది, గొంతు మాట దాని మీద కట్టిన ఊహ.

## వేట

ముక్కుతో వేటను ఎలా చంపేది?

దీనికి బాగా పరిశోధించిన ఆధారం ఆండల్‌గలోర్నిస్ పుర్రె. వాయవ్య అర్జెంటీనాలోని కటమార్కా రాష్ట్రంలో దొరికిన ఆ పుర్రె పొడవు 37 సెంటీమీటర్లు. 2010లో దాన్ని సీటీ స్కాన్ చేసి, కంప్యూటర్‌లో మోడల్ కట్టి, మూడు రకాల బలాలు వేసి చూశారు: నేరుగా కిందికి కొరకడం, వెనక్కి లాగడం, పక్కలకు విదిలించడం. మొదటి రెండింటికీ ఎముక బాగా తట్టుకుంది. పక్కల బలానికి ముక్కు మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది.

దీన్ని బట్టి పద్ధతి ఇలా ఉండి ఉంటుంది. దగ్గరికి వచ్చి, మెడ వెనక్కి తీసి, మొనను పైనుంచి గొడ్డలి దెబ్బలా దించుతుంది. కొక్కెం దిగగానే తలను నేరుగా తన వైపు లాగుతుంది. కండ చీలుతుంది. వెనక్కి జరుగుతుంది. మళ్లీ కొడుతుంది. పెద్ద జంతువును నోట కరిచి పట్టుకుని పెనుగులాడితే ముక్కు విరిగే ప్రమాదం ఉంది. ముక్కు విరిగిన వేటపక్షికి బతుకు లేదు.

పుర్రె నిర్మాణం కూడా దీనికి తగ్గట్టే ఉంది. చాలా పక్షుల్లో పైముక్కు కపాలానికి కలిసేచోట కాస్త వంగుతుంది. చిలుక నోరు తెరిచినప్పుడు గమనించండి, పైముక్కు కూడా లేస్తుంది. ఆండల్‌గలోర్నిస్‌లో ఆ వంగే చోటు బిగుసుకుపోయి పుర్రె అంతా ఒకే దిమ్మగా మారింది. దెబ్బ బలం మధ్యలో వృథా కాదు.

కొరుకు బలం 133 న్యూటన్లే అంటే చాలా తక్కువ కదా? అలాంటప్పుడు భయంకరమైన పక్షి ఎలా అయింది?

133 న్యూటన్లు ముక్కు మొన దగ్గర లెక్కకట్టిన బలం, అదీ 40 కిలోల ఆండల్‌గలోర్నిస్‌కు. దాదాపు 13.5 కిలోల బరువు మొన మీద పెట్టినంత. అదే బరువున్న మాంసాహార క్షీరదాల కన్నా ఇది తక్కువే. అయితే ఇది దవడలు మూసే బలం మాత్రమే. కొట్టేటప్పుడు పనిచేసేది దవడ కండరం కాదు, మెడ. 2012లో ఇదే పక్షి మెడలోని 17 వెన్నుపూసలను పరిశీలించి, తలను ఎత్తి వేగంగా దించడానికి తగిన నిర్మాణం ఉందని చూపారు. కొరుకు బలం అంకె ఒక్కదాన్ని పట్టుకుని ఇది బలహీనమైన జంతువు అనడమూ, ఎముకలు నమిలేసేది అనడమూ, రెండూ తప్పే.

కాలితో తన్ని చంపేదా?

కాళ్ల పాత్ర పెద్దదే అనడానికి 2023లో మంచి సాక్ష్యం వచ్చింది. రియో నీగ్రోలో దాదాపు 80 లక్షల ఏళ్ల నాటి అడుగుజాడల వరస అది. ఒక మధ్యస్థాయి టెర్రర్ బర్డ్ వేసిన అడుగులు కావచ్చంటున్నారు. బరువంతా ప్రధానంగా రెండు వేళ్ల మీదే పడింది. లోపలి వేలి గోరు నేలకు ఆనకుండా ఎత్తి ఉంది. నడిచేటప్పుడు అరగకుండా పదును కాపాడుకునే గోరు అన్నమాట. దాంతో వేటను నేలకు అదిమి పట్టడం, గుచ్చడం చేసి ఉండవచ్చు.

ఎంత వేగంగా పరుగెత్తేది? గంటకు 97 కిలోమీటర్లు అని చదివాం.

ఆ అంకె మెసెంబ్రియోర్నిస్ రకం పక్షిది. 2005లో దాని టిబియోటార్సస్ ఎంత బలాన్ని విరగకుండా ఓర్చుకుంటుందో లెక్కకట్టి, దాన్ని వేగంగా మార్చారు. అంటే అది ఎముక ఓర్చుకోగల వేగం. పక్షి నిజంగా పరుగెత్తిన వేగం అనడానికి వీల్లేదు. ఆ బలం పరుగు కోసం కాకుండా, తన్నడం కోసం, జంతువుల ఎముకలు పగలగొట్టి మూలుగు తినడం కోసం కూడా అయి ఉండవచ్చని అదే పత్రంలో ఉంది. సుమారు 50 కిలోమీటర్ల వేగం అన్న లెక్కను మేము ఎక్కువ నమ్మదగినదిగా చూస్తాం. అదే పరిశోధనలో పటగోర్నిస్ అనే మరో టెర్రర్ బర్డ్‌కు వచ్చిన లెక్క ఆ దరిదాపుల్లోనే ఉంది.

భారీగా ఉండే బ్రెజిల్ పక్షి పారాఫైసోర్నిస్ 180 కిలోలు తూగేది, పాదపు ఎముక పొట్టిగా, లావుగా ఉంది. అలాంటిది వెంటపడి తరిమే రకం కాదు.

ఏం తినేవి?

చిన్న జాతులు తొండలు, పాములు, ఎలుకల్లాంటివి. మధ్యస్థాయివి, తమ కన్నా చిన్నవైన క్షీరదాలు. అప్పటి దక్షిణ అమెరికా చుట్టూ సముద్రం ఉన్న ఒంటరి ఖండం. అక్కడ లిటోప్టెర్న్‌లు, నోటోంగ్యులేట్లు అనే గిట్టల జంతువులు గుంపులుగా మేసేవి. ఇప్పుడు వాటి వంశం ఒక్కటీ మిగల్లేదు. పిల్లులు, కుక్కలు అక్కడ అసలు లేవు. కంగారూ లాంటి సంచిజీవులకు దగ్గరి బంధువులైన స్పారసోడాంట్లు మాంసాహారుల స్థానంలో ఉండేవి. టెర్రర్ బర్డ్స్ వాటి సరసనే బతికాయి. వాటిని లేకుండా చేసి ఎదగలేదు.

వీటిని తినే జంతువులు కూడా ఉండేవా?

ఉండేవి. కొలంబియా టటకోవా ఎడారిలో దొరికిన దాదాపు 1 కోటి 20 లక్షల ఏళ్ల నాటి కాలి ఎముక మీద పంటిగాట్లు ఉన్నాయి. గుంటల ఆకారం, వాటి మధ్య దూరం చూస్తే కైమన్ జాతి పెద్ద మొసలివి అనిపిస్తుంది. అప్పుడు అక్కడి నీళ్లలో పురుస్సారస్ అనే భారీ కైమన్ ఉండేది. గాట్ల అంచుల్లో ఎముక మళ్లీ పెరిగిన గుర్తు లేదు. గాయం మానలేదన్నమాట. మొసలి చంపిందా, చచ్చిన పక్షిని తిన్నదా అన్నది ఆ గాట్లు చెప్పవు.

## శిలాజాల దగ్గర

మొదట ఎవరు కనుగొన్నారు?

1887లో అర్జెంటీనా శాస్త్రవేత్త ఫ్లోరెంటినో అమెగినో. పటగోనియాలోని శాంటా క్రూజ్ నుంచి తమ్ముడు కార్లోస్ సేకరించి పంపిన ఒక దవడ ముక్కకు ఫోరస్‌రాకోస్ అని పేరు పెట్టారు. పళ్లు లేని ఆ పెద్ద దవడను చూసి అది పళ్లులేని క్షీరదానిదని అనుకున్నారు. అంత పెద్ద పక్షి దవడ అప్పటికి ఎవరూ చూసి ఉండలేదు. 1891కి అది పక్షిదని స్పష్టమైంది. అమెగినో సేకరణలో కొంత భాగం తర్వాత లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చేరింది.

పూర్తి అస్థిపంజరం ఎందుకు అంత అరుదు?

పక్షి ఎముక బోలు. గోడ పలుచన. నీటి ప్రవాహంలో దొర్లినా, పైన మట్టి పేరుకున్నా ముందు చితికేది అదే. ముక్కు మొన, పాదపు ఎముకల చివర్లు గట్టివి కాబట్టి అవే ఎక్కువగా మిగులుతాయి. మ్యూజియం అలమారాల్లో టెర్రర్ బర్డ్ అంటే చాలాసార్లు కీలు ముక్కలే.

తవ్వేటప్పుడూ నష్టం జరుగుతుంది. గాలి తగలగానే తేమ ఆరి ఎముక పగుళ్లిస్తుంది. అందుకే చుట్టూ కందకంలా తవ్వి, బ్రష్‌తో శుభ్రం చేసి, ఎసిటోన్‌లో పలుచగా కరిగించిన రెజిన్‌ను చుక్కలుగా పట్టిస్తారు. మొదట పలుచగా ఉండాలి. చిక్కగా పోస్తే పైపొర మాత్రమే గట్టిపడి, లోపల పొడిగానే ఉండి, ఎత్తగానే పెంకులా ఊడివస్తుంది. ఆరాక తడి కాగితం పొరలు పరిచి, దాని పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టీలు చుడతారు. కాగితం పొర మరిచిపోతే ప్లాస్టర్ ఎముకను పట్టేసుకుంటుంది. కింద మట్టితో సహా దిమ్మను తిరగేసి, అడుగు వైపు కూడా కట్టుకట్టి ల్యాబ్‌కు తీసుకెళతారు.

ఒక్క ఎముక ముక్కతో ఇది టెర్రర్ బర్డ్ అని ఎలా గుర్తుపడతారు?

ముందు పక్షిదా, క్షీరదానిదా తేల్చాలి. విరిగిన చోట గోడ పలుచగా, లోపల బోలుగా ఉంటే పక్షి వైపు మొగ్గుతాం. పాదపు పొడవు ఎముక, టార్సోమెటాటార్సస్, అయితే పని తేలిక. అది మూడు ఎముకలు కలిసి ఒకటైనది, కింది చివర మూడు వేళ్లకు మూడు కప్పీల్లాంటి మెట్టలు ఉంటాయి. ఆ మెట్టల్లో ఏది ఎంత కిందికి దిగింది, పక్కవాటి వెడల్పు ఎంత అన్నది కుటుంబాన్ని చెబుతుంది. టిబియోటార్సస్ చివరైతే రెండు గుండ్రటి మెట్టలు, వాటి మధ్య గాడి లోతు చూస్తారు. కొలంబియా ఎముకను గుర్తించింది కూడా ఆ చివరి భాగంతోనే. ఈ పోలిక బొమ్మలతో కాకుండా మ్యూజియంలోని అసలు ఎముకలతోనో, 3డీ స్కాన్‌లతోనో చేయాలి.

## అంతం

పులులు, సింహాల్లాంటివి వచ్చి వీటిని తుడిచిపెట్టాయా?

పాత పుస్తకాల్లో ఉన్న కథ ఇదే. సుమారు 30 లక్షల ఏళ్ల క్రితం పనామా దగ్గర రెండు అమెరికాలూ నేలతో కలిశాయి, ఉత్తరం నుంచి పిల్లి, కుక్క జాతులు దిగాయి, పక్షులు ఓడిపోయాయి అని. ఇది అతకదు. పెద్ద టెర్రర్ బర్డ్స్ చాలావరకు ఆ వంతెనకు ముందే తగ్గిపోయాయి. పైగా టైటానిస్ ఎదురు దిశలో ఉత్తరానికి వెళ్లి, అక్కడి కత్తికోరల పిల్లులు, కుక్కల మధ్య దాదాపు 30 లక్షల ఏళ్లు నిలబడింది.

ఆండీస్ పర్వతాలు లేవడంతో పటగోనియాకు వాన మేఘాలు ఆగిపోయాయి, నేల ఎండిపోయింది, చల్లబడింది, మేత జంతువుల జాతులే మారిపోయాయి. వేట మారినప్పుడు వేటగాడు నిలవడం కష్టం. ఈ మార్పుల మీద కొత్త పోటీ కూడా తోడై ఉండవచ్చు. ఒక్క కారణమే అని ఎవరైనా గట్టిగా చెబితే మేము ఒప్పుకోం.

వంతెన లేకముందే టైటానిస్ ఉత్తర అమెరికాకు ఎలా వెళ్లింది?

టెక్సస్‌లో దొరికిన టైటానిస్ ఎముక వయసు దాదాపు 50 లక్షల ఏళ్లు. నేల వంతెన పూర్తి కావడానికి ముందే అక్కడ దీవుల వరస ఏర్పడింది. దీవి నుంచి దీవికి తరాల మీద దాటి ఉండాలి. చెట్ల మీద నెమ్మదిగా కదిలే స్లాత్‌లకు బంధువులైన, నేల మీద తిరిగే పెద్ద స్లాత్‌లు కూడా ఇలాగే వంతెనకు ముందే ఉత్తరానికి చేరాయి.

డీఎన్ఏతో మళ్లీ పుట్టించగలమా?

కుదరదు. డీఎన్ఏ కాలంతో పాటు ముక్కలైపోతుంది. ఎంతో చల్లని నేలలో కూడా ఇప్పటి వరకూ తీసిన అతి పాత డీఎన్ఏ దాదాపు 20 లక్షల ఏళ్లది, అది గ్రీన్‌లాండ్ మట్టిలోంచి వచ్చిన చిన్న చిన్న ముక్కలు. టైటానిస్ ఎముకలు దొరికినవి ఫ్లోరిడా లాంటి వేడి ప్రదేశంలో.

## చూడాలన్నా, గీయాలన్నా

సీరియమాను చూస్తే టెర్రర్ బర్డ్ గురించి ఏం తెలుస్తుంది?

చాలానే తెలుస్తుంది, జాగ్రత్తగా చూస్తే. ఎర్రకాళ్ల సీరియమా దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తు, రెండు కిలోలకు అటూ ఇటూ. పామునో తొండనో ముక్కుతో పట్టుకుని తల పైకెత్తి నేలకేసి బలంగా కొడుతుంది. అది మెత్తబడే దాకా, ఎముకలు విరిగే దాకా మళ్లీ మళ్లీ కొడుతుంది. లోపలి వేలికి పైకి ఎత్తి ఉంచే వంకర గోరు ఉంది. వేటను తొక్కిపట్టి చీల్చడానికి దాన్ని వాడుతుంది. జూలో దానికి రబ్బరు బొమ్మ వేసినా ఇదే చేస్తుంది. ఎరను ఎత్తి కొట్టే ఈ పద్ధతి చిన్న టెర్రర్ బర్డ్స్‌కు సరిపోతుంది. వంద కిలోలు దాటిన పక్షి గిట్టల జంతువును ఎత్తి కొట్టిందని అనుకోకూడదు.

బొమ్మ గీస్తున్నాం. ఏ తప్పులు ఎక్కువ జరుగుతాయి?

ముక్కు మొన గద్ద ముక్కులా మొదలు నుంచీ వంచేస్తారు. అసలు పుర్రెలో పైగీత చాలాదూరం దాదాపు చదునుగా సాగి, చివర్లో మాత్రమే నిటారుగా కిందికి దిగుతుంది. ముక్కును పక్క నుంచి లోతుగా, ముందు నుంచి సన్నగా గీయాలి. ముందు నుంచి వెడల్పుగా గీస్తే బాతు అవుతుంది.

పళ్లు పెట్టకండి. రెక్కలు చిన్నవి కానీ ఈకలతో ఉంటాయి, బోడి చేతులు కావు. మోకాలు పొట్ట పక్కన ఈకల్లో దాగి ఉంటుంది. బయటికి కనిపిస్తూ వెనక్కి మడిచేది మడమ కీలు. లోపలి వేలి గోరును నేలకు ఆనించకుండా కాస్త ఎత్తండి. వీపును నిటారుగా నిలబెట్టకుండా దాదాపు అడ్డంగా ఉంచండి.

రంగు మీ ఇష్టం. ఈ కుటుంబపు ఈకల రంగు చెప్పే శిలాజం లేదు. గడ్డిభూమిలో పొంచి వేటాడే పక్షికి గోధుమ, బూడిద రంగులు నప్పుతాయి.

మ్యూజియంలో చూసేది అసలు ఎముకేనా?

ఎక్కువగా అచ్చు పోసిన నకలు. గేన్స్‌విల్‌లోని ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో నిలబెట్టిన టైటానిస్ అస్థిపంజరంలో చాలా భాగాలు బంధు జాతులను చూసి తయారుచేసినవే, ఎందుకంటే టైటానిస్‌వి దొరికిన ఎముకలు కొన్నే. బ్రెజిల్‌లోని టావుబాటే మ్యూజియంలోని పారాఫైసోర్నిస్ మాత్రం దాదాపు పూర్తి అస్థిపంజరం నుంచి వచ్చింది. యాయావిస్ ఎముకలు మార్ డెల్ ప్లాటా పురపాలక మ్యూజియంలో ఉన్నాయి. ఆండల్‌గలోర్నిస్ పుర్రె చికాగో ఫీల్డ్ మ్యూజియం సేకరణలోది. అమెరికాలో, లండన్‌లో ఉంటున్న మనవాళ్లు పిల్లలతో వెళ్లినప్పుడు పక్కనున్న బోర్డులో ఏ ఎముకలు అసలువి, ఏవి పూరించినవి అని వెతకండి. రంగులో తేడా పెట్టి చూపించే మ్యూజియంలు ఉన్నాయి. బోర్డులో లేకపోతే అక్కడి సిబ్బందిని అడగండి, సంతోషంగా చెబుతారు.